గులాబీ జెండా: 35 నిమిషాలు, 21 పాటలు

ఆదివారం పత్రిక చేతిలో ఉంది కాబట్టి ముందుగా ఒక ఆదివారం పాట గురించి. పేరు ‘ఫీల్డ్ డే ఫర్ ద సండేస్’. నిడివి 28 సెకన్లు. బ్రిటన్‌లో ఆదివారాలు వచ్చే కొన్ని పత్రికలకు ఆ రోజుల్లో పేరున్నవాళ్ల పడకగది సంగతులే ప్రధాన సరుకు. అలాంటి పత్రికలకు తానే మేత కావాలని ముచ్చటపడే మనిషి గొంతుతో ఈ పాట సాగుతుంది. వాయిద్యాలన్నీ ఒక్కసారిగా అందుకుంటాయి. గాయకుడు చెప్పదలచుకున్నది గబగబా చెప్పేస్తాడు. మాటలు అయిపోగానే పాటా అయిపోతుంది. పల్లవి తిరిగి రాదు, మధ్యలో గిటార్ సోలో ఉండదు, ఆఖర్న శబ్దం మెల్లగా సన్నగిల్లడమూ ఉండదు. ఠక్కున ఆగుతుంది, అంతే.

ఈ పాట ఉన్న రికార్డు ‘పింక్ ఫ్లాగ్’. లండన్ బృందం వైర్ 1977 చివర్లో తెచ్చిన తొలి ఎల్పీ. మొత్తం 21 పాటలు, 35 నిమిషాల చిల్లర. వాటిలో ఆరు పాటలకు నిమిషం కూడా నిండదు. పంక్ సంగీతం బ్రిటన్‌ను ఊపేసిన ఏడాది అది. సెక్స్ పిస్టల్స్, క్లాష్ పేర్లు ఊరూరా మోగాయి. వైర్ రికార్డు మాత్రం అమ్మకాల జాబితాలోకి ఎక్కనే లేదు. అయినా ఆ ఏడాది పంక్ రికార్డుల్లో, ఇవాళ కొత్తగా గిటార్ పట్టినవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ పని నేర్పగలిగేది ఇదేనని నా నమ్మకం. కోపాన్ని ఎలా వినిపించాలో మిగతావి చూపించాయి. పాటలోంచి ఏమేం తీసేయవచ్చో, ఎక్కడ ఆపాలో ఇది చూపించింది.

వాట్‌ఫర్డ్ చదువు

లండన్‌కు ఉత్తరాన, రైల్లో కాసేపటి దూరంలో వాట్‌ఫర్డ్ ఉంది. అక్కడి ఆర్ట్ స్కూల్లో కాలిన్ న్యూమన్ విద్యార్థి. బ్రూస్ గిల్బర్ట్ అదే స్కూల్లో ఆడియో విజువల్ పరికరాలు చూసుకునే ఉద్యోగి. గిల్బర్ట్ 1946లో పుట్టాడు, అంటే రికార్డు వచ్చేనాటికి 31 ఏళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల గోలగా పేరుపడ్డ పంక్‌లో అది ముదురు వయసే. బేస్ గిటార్ వాయించిన గ్రాహం లూయిస్ కూడా ఆర్ట్ కాలేజీ నుంచి వచ్చినవాడే. పాటల్లో మాటలు ఎక్కువ భాగం అతనివి, బాణీలు న్యూమన్‌వి. డ్రమ్స్ దగ్గర కూర్చున్న రాబర్ట్ గోటుబెడ్ ఆ వాయిద్యం పట్టి ఎంతో కాలం కాలేదు. ఆరితేరిన వాద్యకారుడు అనదగిన మనిషి నలుగురిలో ఒక్కడూ లేడు.

వాట్‌ఫర్డ్‌లో చిత్రకారుడు పీటర్ ష్మిట్ పాఠాలు చెప్పేవాడు. రాక్ సంగీతంలో అప్పటికే పేరు తెచ్చుకున్న బ్రయన్ ఈనో అప్పుడప్పుడూ వచ్చి మాట్లాడేవాడు. ఈ ఇద్దరూ కలిసి 1975లో ‘ఒబ్లిక్ స్ట్రాటజీస్’ అనే కార్డుల పెట్టె తయారు చేశారు. పని ముందుకు సాగని కళాకారుడు పెట్టెలోంచి ఒక కార్డు తీస్తాడు. దానిమీద చిన్న ఆదేశం ఉంటుంది. దాన్ని పాటించి చూస్తాడు. నియమం ముందు, పని తర్వాత. లోపల ఏదో పొంగుకొచ్చేదాకా ఎదురుచూడటం ఈ చదువులో లేదు. వైర్ పాటలు వింటుంటే ఆ చదువు అడుగడుగునా తగులుతుంది.

‘106 బీట్స్ దట్’ అనే పాటనే తీసుకోండి. సరిగ్గా 100 అక్షరాలతో పాట రాయాలని లూయిస్ నియమం పెట్టుకున్నాడు. రాసి లెక్కపెడితే 106 తేలాయి. మన పద్యకవి అయితే గణం తప్పిందని ఆరక్షరాలూ కొట్టేసి మళ్లీ కట్టేవాడు. లూయిస్ కొట్టేయలేదు. ఆ లెక్కనే పాటకు పేరుగా పెట్టాడు. నియమం తప్పినా, నియమం పెట్టుకోవడం వల్ల పుట్టిన పాట నిలిచింది.

అసలు బృందంలో మొదట ఐదుగురు. జార్జ్ గిల్ అనే ఐదో మనిషి సోలోలు వాయించేవాడు. ఒక దశలో అతను కొంతకాలం రిహార్సళ్లకు రాలేకపోయాడు. మిగిలిన నలుగురూ అవే పాటల్ని సోలోలు లేకుండా వాయించి చూసుకున్నారు. పాటలు బిగిశాయి. 1977 తొలి నెలల్లో గిల్ బయటికి వెళ్లాల్సి వచ్చింది. మనిషిగా అతనికి అది కష్టమే అయి ఉంటుంది. కానీ ‘పింక్ ఫ్లాగ్’ పుట్టింది ఆ రిహార్సళ్లలోనే అంటాను. ఇంకా ఏం కలపాలి అని రాక్ బృందాలన్నీ వెతుకుతున్న కాలంలో, ఏం తీసేస్తే బాగుంటుంది అన్న ప్రశ్న వీళ్లకు చేతికి అందింది. ఆ తర్వాత వాళ్లు దాన్ని వదల్లేదు.

యెస్ పాడిన స్టూడియోలోనే

1977 ఏప్రిల్ మొదటి రెండు రాత్రులు లండన్ కోవెంట్ గార్డెన్‌లోని రాక్సీ క్లబ్‌లో పంక్ బృందాలు వరసపెట్టి వాయించాయి. ఈఎంఐ కంపెనీ తరఫున మైక్ థోర్న్ అక్కడ మైకులు పెట్టి రికార్డు చేశాడు. ఆ వేసవిలో వచ్చిన రాక్సీ ఎల్పీలో వైర్ పాటలు రెండున్నాయి. నలుగురి బృందంగా వాళ్లు వేదికెక్కడం అదే మొదలు. థోర్న్‌కు వాళ్లు నచ్చారు. సెప్టెంబరు నాటికి ఈఎంఐ వారి హార్వెస్ట్ లేబుల్‌తో ఒప్పందం కుదిరింది, థోర్నే ప్రొడ్యూసర్ అయ్యాడు.

ఈఎంఐ అంటే ఆ ఏడాది జనవరిలో సెక్స్ పిస్టల్స్‌ను వదిలించుకున్న కంపెనీ. టీవీలో వాళ్లు బూతులు మాట్లాడారని దేశమంతా గగ్గోలైంది, కంపెనీ చేతులు దులుపుకుంది. హార్వెస్ట్ అంటే పింక్ ఫ్లాయిడ్ రికార్డులు వేసిన లేబుల్. పంక్ కుర్రాళ్లు దేన్ని వద్దనుకున్నారో దానికి పుట్టిల్లు. ఇక రికార్డింగ్ జరిగిన అడ్విజన్ స్టూడియో సంగతి మరీ విశేషం. యెస్ అనే బృందం 1972 నాటి ‘క్లోజ్ టు ద ఎడ్జ్’ను అక్కడే రికార్డు చేసింది. ఆ ఎల్పీలో ఉన్నవి మూడే పాటలు. మొదటిది 18 నిమిషాలు దాటి ఒక వైపంతా నింపేస్తుంది. ఐదేళ్ల తర్వాత అదే స్టూడియోలో వైర్ ఒక వైపు 10 పాటలు, రెండో వైపు 11 పాటలు పట్టించింది.

ఈఎంఐ మనకు పరాయి పేరు కాదు. గ్రామఫోను ముందు కుక్క కూర్చున్న బొమ్మతో మన ఇళ్లకు వచ్చిన హెచ్ఎంవీ రికార్డులు కలకత్తా దమ్‌దమ్ ఫ్యాక్టరీలో అచ్చయినా, ఆ కంపెనీ లండన్ ఈఎంఐ కుటుంబంలోదే. ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ పద్యాలు ఇంటింటికీ చేరింది ఆ రికార్డుల మీదనే. పాత 78 ఆర్పీఎం రికార్డు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు. పద్యం ఎంత లాగాలో, రాగం ఎక్కడ ఆపాలో గాయకుడు ఆ మూడు నిమిషాలకు లోబడి తేల్చుకోవాల్సిందే. అది యంత్రం గీసిన హద్దు. ఆ హద్దులో అద్భుతాలు చేసినవాళ్లు మనకున్నారు.

ఎల్పీ వచ్చాక ఆ హద్దు పోయింది. ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా చోటు. యెస్ వంటి బృందాలు ఆ చోటునంతా కథలతో, సోలోలతో నింపాయి. వైర్ చేతిలోనూ అదే ఎల్పీ ఉంది, డబ్బున్న కంపెనీ ఉంది, మంచి స్టూడియో ఉంది. 28 సెకన్లలో పాట ముగించమని వాళ్లనెవరూ అడగలేదు. అది వాళ్ల నిర్ణయం. అందుకే ఈ రికార్డులోని కురచదనం నాకు అంత విలువైనదిగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒక పోలిక అవసరం. న్యూయార్క్ రమోన్స్ అంతకు ఏడాది ముందే, 1976లో, 14 పాటల తొలి రికార్డును అరగంట లోపే ముగించారు. చిన్న పాటలకు దారి వేసింది వాళ్లే. అయితే వాళ్ల పాటల్లో పల్లవి, చరణం, మళ్లీ పల్లవి కుదురుగా ఉంటాయి. హుషారుగా, వేగంగా పాడిన పాప్ పాటలవి. వైర్ పాట ఆకారాన్నే కదిపింది. మాటలు అయిపోతే పాట అయిపోయినట్టే అన్నది వాళ్ల పద్ధతి. ఒక పాటకు అరనిమిషం చాలు, ఇంకో పాటకు నాలుగు నిమిషాలు కావాలి. రెండూ ఒకే రికార్డులో పక్కపక్కన ఉంటాయి.

పాటల లోపలికి

పంక్ రికార్డు అంటే మొదటి పాట దూకుడుగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. ‘పింక్ ఫ్లాగ్’ మొదటి పాట ‘రాయిటర్స్’ నెమ్మదిగా, బరువుగా అడుగులేస్తుంది. ఒక విలేకరి ఏదో నగరం నుంచి వార్త పంపుతున్నాడు. పరిస్థితి రోజురోజుకీ దిగజారుతోంది, తుపాకులు మోగుతున్నాయి, లూటీలు సాగుతున్నాయి. ఏ దేశమో చెప్పడు. ఎవరి పక్షమో చెప్పడు. వార్తా సంస్థ భాషలోని పొడితనమే పాటకు భయాన్ని తెస్తుంది. మూడు నిమిషాల చివర్లో సంగీతం ఇంకా ఇంకా నెమ్మదిస్తూ ఒకే భయంకరమైన మాట మీద ఆగుతుంది. వార్తలు రాసే వృత్తిలో ఉన్నవాళ్లెవరైనా ఈ పాట విని కాసేపు మాట్లాడలేరు.

ఆ బరువు మీద నుంచి లేవకముందే 28 సెకన్ల ఆదివారం పాట. అది ముగిసీ ముగియకముందే ‘త్రీ గర్ల్ రుంబా’. గిటార్ మీద తెగి తెగి పడే ఒక చిన్న వరస, దాని చుట్టూ నిమిషం 23 సెకన్ల పాట. దాని వెనకే టీవీ పెట్టెకు అతుక్కుపోయిన మనిషి గురించి ‘ఎక్స్ లయన్ టేమర్’. ఈ నాలుగు పాటలూ కలిపి ఏడు నిమిషాల చిల్లర. యుద్ధ వార్త, వారపత్రిక రంకు, టీవీ. ఒక మామూలు బ్రిటిష్ ఇంట్లోకి ప్రపంచం వచ్చే దారులన్నీ ఆ ఏడు నిమిషాల్లో వినిపిస్తాయి. ఈ వరసను ఎవరో కూర్చుని ఆలోచించారు. పాటల కూర్పు కూడా ఒక రచనే అని ఈ రికార్డు విన్నాకే నాకు గట్టిగా అనిపించింది.

థోర్న్ పనితనం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. పాట చిన్నది కదా అని ఆయన శబ్దాన్ని చిన్నది చేయలేదు. ఒకే గిటార్ వరసను మళ్లీ మళ్లీ వాయింపించి, ఒక పొరపై ఇంకో పొర పేర్చాడు. అందుకే గిటార్లు దట్టంగా, ఒక గోడలా వినిపిస్తాయి. దాని కింద గోటుబెడ్ డ్రమ్స్ తీర్మానాలూ విన్యాసాలూ లేకుండా, ఒకటే నడకతో పోతుంటాయి. కొత్తగా నేర్చుకుంటున్న మనిషి పరిమితినే శైలిగా మార్చుకున్న తీరు అది. ఈ నడక లేకపోతే పాటలు అంత ఠక్కున ఆగలేవు కూడా. ఆగడానికి నలుగురూ ఒకే క్షణంలో చేతులెత్తాలి.

రెండో వైపు మొదట వచ్చే ‘ద కమర్షియల్’లో మాటలే లేవు. 49 సెకన్ల వాయిద్యం, పేరేమో వాణిజ్య ప్రకటన. ‘స్ట్రేంజ్’ మాత్రం నాలుగు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. రికార్డు మొత్తానికీ అదే పొడవైన పాట. ఒక గదిలో ఏదో తేడాగా ఉందన్న అనుమానాన్ని అది పట్టుకుని వదలదు. చివర్లో కేట్ లూకస్ వేణువు చేరుతుంది. పంక్ రికార్డులో వేణువు! ‘మానెక్విన్’ వింటే వీళ్లకు తియ్యటి బాణీ కట్టడం బాగా తెలుసునని తెలుస్తుంది. మాటల్లో మాత్రం ఒక మనిషి డొల్లతనం మీద చీదరింపు తప్ప తీపి లేదు. సింగిల్‌గా బయటికి వచ్చిందీ ఈ పాటే. ‘లోడౌన్’ బరువైన బేస్ గిటార్ మీద నిదానంగా తిరుగుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

21 పాటలూ సమానం అనను. ‘మిస్టర్ సూట్’ ఆ రోజుల్లో ఏ బృందమైనా పాడగలిగిన కేక. ‘ఛాంప్స్’ కూడా ఒకసారి వింటే సరిపోతుంది. కానీ బాగాలేని పాట కూడా నిమిషమున్నరలో వెళ్లిపోతుంది. ఇంత పొదుపుగా చేసిన రికార్డులో తప్పు కూడా వినేవాడి సమయాన్ని ఎక్కువ తినదు.

ఏ దేశానిదీ కాని జెండా

అట్ట మీద బొమ్మ చూడండి. నీలాకాశం, ఒక తెల్లటి జెండా కర్ర, దాని మీద గులాబీ రంగు జెండా. అంతకుమించి ఏమీ లేదు. బృందం పేరుంది గానీ, బృందం ఫొటో లేదు. చింపిన బట్టలు, పిన్నీసులు, అతికించిన అక్షరాలు లేవు. ఆనాటి పంక్ అట్టల పక్కన పెడితే ఇది మరో గ్రహం నుంచి వచ్చినట్టుంటుంది. కర్ర నిజమైనదే. ఇంగ్లండ్ నైరుతి తీరంలోని ప్లిమత్‌లో, సముద్రం ఒడ్డున ఉన్నది. ఆనెట్ గ్రీన్ ఫొటో తీసింది. జెండాను తర్వాత చేర్చారు.

1977 జూన్‌లో బ్రిటన్ రెండో ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన పాతికేళ్ల పండుగ జరుపుకుంది. వీధి వీధినా జాతీయ జెండాలు కట్టారు. సెక్స్ పిస్టల్స్ రాణి మీద పాట కట్టి దాన్ని ఎదిరించారు. అదే ఏడాది చివర్లో వైర్ ఏ దేశానిదీ, ఏ పార్టీదీ కాని జెండా ఎగరేసింది. ఎర్ర రంగు కాదు, తెల్ల రంగు కాదు. పోరాటానికి రమ్మనదు, లొంగిపోతున్నాననీ అనదు. రాణి పండుగకు జవాబుగానే గీశారని నేను అనడం లేదు. అంతటి జెండాల ఏడాదిలో ఆ అట్టను దుకాణంలో చూసినవాళ్ల కంటికి అది ఏమని తగిలి ఉంటుందో మాత్రం ఊహించగలను.

విన్నవాళ్లు ఏం చేశారు

అమ్మకాలు తక్కువే, కానీ కొన్నవాళ్లు ఊరుకోలేదు. రికార్డులో చివరి పాట ‘12ఎక్స్‌యు’. పేరులోని ఎక్స్ ఒక బూతుమాటకు వేసిన ముసుగు. ఆ పాటను అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ అనే కుర్రాళ్ల బృందం అందుకుంది. వాళ్ల వాయింపు 1982లో డిస్కార్డ్ అనే చిన్న కంపెనీ వేసిన ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’లో ఉంది. హార్డ్‌కోర్ అని పేరుపడ్డ సంగీతానికి పునాదులు పడుతున్న రోజులవి. కాలిఫోర్నియా రేవు పట్టణం శాన్ పెడ్రోలో మినట్‌మెన్ అనే ముగ్గురు ‘పింక్ ఫ్లాగ్’ నుంచే చిన్న పాటల మర్మం పట్టుకున్నారు. ఆ సంగతి వాళ్లే చెప్పుకున్నారు. 1980లో వచ్చిన వాళ్ల తొలి రికార్డు ‘పారనాయిడ్ టైమ్’లో ఏడు పాటలు, అన్నీ కలిపి ఏడు నిమిషాల లోపు. 1987లో ఆర్.ఈ.ఎం. తమ ‘డాక్యుమెంట్’ ఎల్పీలో ‘స్ట్రేంజ్’ను పాడింది. అమెరికాలో లక్షల ఇళ్లకు వైర్ పాట చేరింది అలాగే.

1994లో ఎలాస్టికా అనే లండన్ బృందం ‘కనెక్షన్’ పాటతో పేరు తెచ్చుకుంది. ఆ పాట మొదట్లో మోగే వరస ‘త్రీ గర్ల్ రుంబా’దే. హక్కుల వివాదం వచ్చింది, కోర్టు బయటే సర్దుబాటయింది. ఎలాస్టికా పాట బాగుంటుంది, నాకు ఇష్టం. కానీ రెండూ పక్కపక్కన వినండి. ఎలాస్టికా ఆ వరసను రెండున్నర నిమిషాల దాకా తిప్పి తిప్పి జనానికి అలవాటు చేసింది. వైర్ ఇంకా వినాలనిపిస్తుండగానే వదిలేసింది.

వైర్ సొంత రికార్డును కూడా అలాగే వదిలేసింది. మరుసటి ఏడాదే వచ్చిన ‘ఛెయిర్స్ మిస్సింగ్’లో సింథసైజర్లు చేరాయి, పాటలు పొడుగయ్యాయి. 1979లో ‘154’ ఇంకా దూరం వెళ్లింది. అది అప్పటికి వాళ్లు చేసిన కచేరీల లెక్క. తర్వాత విడిపోయి మళ్లీ కలిశారు. 1987లో అమెరికా పర్యటనకు వెళ్లినప్పుడు పాత పాటలు వాయించేది లేదన్నారు. జనం మాత్రం ‘పింక్ ఫ్లాగ్’ కావాలంటారని తెలుసు. అందుకని ఎక్స్ లయన్ టేమర్స్ అనే బృందాన్ని వెంట తీసుకెళ్లారు. రోజూ ముందుగా వాళ్లు ‘పింక్ ఫ్లాగ్’ పాటలు వాయించేవారు, ఆ తర్వాత అసలు బృందం వచ్చి కొత్త పాటలు మాత్రమే వాయించేది. దీన్ని పొగరు అన్నవాళ్లుంటారు. నేను అనను. అభిమానులకు దక్కాల్సింది దక్కింది, పదేళ్ల కిందటి తమను తామే అనుకరించుకునే గతి వాళ్లకు తప్పింది.

గిల్బర్ట్ 2004లో తప్పుకున్నాడు. మిగిలినవాళ్లు కొత్త రికార్డులు చేస్తూ వచ్చారు. వాటిని విడుదల చేసే సొంత లేబుల్‌కు పెట్టుకున్న పేరు పింక్‌ఫ్లాగ్.

వినబోయేవారికి ఒక మాట. ఫోన్లో వింటే పాటల వరస కలగాపులగం చేసే మీట ఆపేయండి. ‘రాయిటర్స్’తో మొదలుపెట్టి వరసగా పోనివ్వండి. పదో పాట ‘పింక్ ఫ్లాగ్’ అరుపులతో ముగిశాక కాసేపు ఆపండి, ఎల్పీ తిరగేసేవాళ్లకు ఆ విరామం ఉండేది. తర్వాత వచ్చిన కొన్ని సీడీల్లో చివర అదనపు పాటలు చేర్చారు. వాటిని ఇంకో రోజుకు దాచుకోండి. రికార్డు ‘12ఎక్స్‌యు’తో ముగుస్తుంది. మీరూ అక్కడ ఆపండి.